లెక్కపెట్టని మంద

కురుబ తిప్పన్న ఇంట్లో పుస్తకం పట్టిన మొదటి మనిషి చౌడేశ్వరి. అంతకుముందు ఆ ఇంటికి కాగితమంటూ వస్తే అది బొరుగుల పొట్లం కట్టిన కాగితమే. కదిరిలో డిగ్రీ చదివింది. చదివినన్నాళ్లు ఊరంతా మెచ్చుకుంది, చదువైపోయాక ఊరంతా ఇంగేం చేస్తావని అడిగింది. మెచ్చుకోవడానికి ఖర్చు లేదు గానీ, ఆ జవాబు చెప్పడానికి ఉద్యోగం కావాలి.

వాళ్ల పల్లె రాళ్లదొడ్డి, కొత్తచెరువుకు అవతల గుట్టల్లో ఉంటుంది. శెనక్కాయ వేసి వేసి అక్కడి భూములు అలిసిపోయాయి, బోర్లు వేసి వేసి మనుషులు అలిసిపోయారు. మిగిలింది గొర్రె. గొర్రెకు ఇంకేమీ దొరక్కపోతే ముళ్లకంప కిందైనా నాలుగు ఆకులు దొరుకుతాయి. చదివిన ఆడపిల్లకు ఆ ముళ్లకంప కూడా లేదు. తెల్లవారకముందే వచ్చే గార్మెంట్స్ బస్సు ఉంది, అంతే. చౌడేశ్వరి ఒక ఏడు ఆ బస్సెక్కి చొక్కా కాలర్లు కుట్టింది. అక్కడ ఒంటికి పోవాలన్నా సూపర్‌వైజరును అడగాలి. అతను ఒకరోజు నోటికొచ్చిన మాట అంటే, సగం కుట్టిన కాలరును సూది కిందే వదిలేసి నడిచొచ్చింది. తల్లి కదిరమ్మ తిట్టింది. తండ్రి ఏమీ అనలేదు. తిప్పన్న మనుషులతో మాట్లాడేది తక్కువ. పొద్దంతా గొర్రెలతో మాట్లాడేవాడికి మాపటికి మాటలు ఎక్కడ మిగులుతాయి?

కొత్తచెరువు బస్టాండు ఎదురుగా జాకబ్ సార్ జెరాక్స్ అంగడి ఉంది. ఆయన బెంగళూరులో కంప్యూటరు కంపెనీలో పనిచేసి, కళ్లు పాడైతే వెనక్కి వచ్చిన మనిషి. తనకు తెర సరిగ్గా కనబడక, చూసి చెప్పే మనిషి కోసం చౌడేశ్వరిని కూర్చోబెట్టుకున్నాడు. జీతం పేరుకే. కానీ ఆయన చేతిలో విద్య ఉంది, అది దాచుకునే గుణం ఆయనకు లేదు.

వెబ్‌సైట్ కట్టాలంటే ఒకప్పుడు చీమల బారులాగా ఇంగ్లీషులో కోడ్ రాయాల్సి వచ్చేదట. ఇప్పుడు ఆ బాధ తప్పించే పనిముట్లు వచ్చాయి. తెర మీద ఒక పక్క పెట్టెలుంటాయి. బొమ్మకు ఒక పెట్టె, పేరుకు ఒకటి, నొక్కే బటన్‌కు ఒకటి. కావలసిన దాన్ని మౌసుతో పట్టుకుని లాక్కొచ్చి పేజీలో వదిలెయ్యడమే. ఇంకోపక్క డేటాబేస్ ఉంటుంది. సమాచారమంతా అడ్డం వరుసల్లో, నిలువు గడుల్లో సర్ది పెట్టుకునే చోటు అది. పేజీలోని పెట్టె నుంచి డేటాబేస్‌లోని గడికి ఒక గీత లాగితే, అక్కడ ఉన్నది ఇక్కడ కనబడుతుంది. ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ మారుతుంది. చుక్కకూ చుక్కకూ తప్పిపోకుండా వాకిట్లో గీత లాగిన చెయ్యికి ఇదెంత పని! చౌడేశ్వరి నెల తిరక్కముందే ఒక స్వీట్ల అంగడికీ, ఒక ట్రాక్టర్ల మెకానిక్కుకూ వెబ్‌సైట్లు కట్టేసింది. అవి ఎవరూ చూడలేదు. అది వేరే సంగతి.

ఒకరోజు సురేంద్ర పోస్టర్లు అచ్చేయించుకోవడానికి వచ్చాడు. అతని కుటుంబానికి గోరంట్ల పక్క పొలాలు, పుట్టపర్తిలో లాడ్జీలు. పుట్టపర్తి జిల్లా కేంద్రమైనప్పటి నుంచీ అతనికి ఎమ్మెల్యే కావాలని ఒకటే దురద.

"ఎవరు సార్ ఈ పాప?" అన్నాడు.

"రాళ్లదొడ్డి తిప్పన్న కూతురు. వెబ్‌సైట్లు కడతాంది."

"గొర్రెల తిప్పన్న కూతురా? గొర్రెలు కట్టేసేది గదా వీళ్ల పని!"

చౌడేశ్వరి తెర మీంచి తల తిప్పకుండానే, "గొర్రెల్ని కట్టెయ్యరన్నా, దొడ్డికి తోలుతారు. కట్టేసేది ఎద్దుల్ని" అంది.

సురేంద్ర గట్టిగా నవ్వాడు. నవ్వి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లేచేటప్పటికి మాట ఖాయమైంది. దళారులు లేకుండా బెంగళూరు వాళ్లు నేరుగా ఇక్కడి గొర్రెలు కొనేటట్టు వెబ్‌సైట్ కట్టాలి. బక్రీదు లోపల అది నడిస్తే, పుట్టపర్తిలో అతని ఆఫీసులో చౌడేశ్వరికి ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, నెలనెలా జీతం.

"నడవకపోతే?" అన్నాడు సురేంద్ర.

"నడుస్తాదిలేన్నా."

ఆ మాట పల్లెకు చేరీ చేరగానే కదిరమ్మ నోట్లోంచి ఊరు దాటిపోయింది. "మా పాపకు ఫ్యాను కింద ఉద్యోగం" అని నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె పెట్టిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. వినేవాళ్లు సరేలే అన్నారు. అయ్యే దాకా చూద్దామని ముఖాలతో అన్నారు. చౌడేశ్వరికి అది తెలుసు. ఈ కుర్చీ దొరక్కపోతే తనకు మిగిలేది మళ్లీ ఆ కాలరు, ఆ సూపర్‌వైజరు.

పనిలో దిగింది. రాళ్లదొడ్డిలోనూ పక్క పల్లెల్లోనూ ఉన్న ప్రతి మంద దగ్గరికీ ఫోను పట్టుకుని పోయింది. ఫోటోకు మొదట ఎవరూ ఒప్పుకోలేదు. "మన తిప్పన్న బిడ్డ" అని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక మాత్రం పెళ్లిచూపులకు తయారుచేసినట్టు పొట్టేళ్ల కొమ్ములకు పసుపు పూసి, దిష్టికి నల్లతాళ్లు కట్టి నిలబెట్టారు. తిప్పన్న కూడా కంబళి కప్పుకుని తన మంద పక్కన ఒక మూల నిలబడ్డాడు. మందకు ఒక వరుస. ఆ వరుసలో మంద ఎవరిది, ఏ పల్లె, ఒక్కో పొట్టేలు ధర ఎంత, ఫోటో, అమ్మకానికి ఉందా లేదా. ఎన్ని గొర్రెలున్నాయన్న గడి ఒక్కటి లేదు.

మరిచిపోయి కాదు. ఆ గడి ఉండాలన్న ఊహే ఆమెకు రాలేదు. కురుబల్లో మందను లెక్కపెట్టరు. బీరప్ప దేవుడు ఇచ్చిన సొమ్ము అది. ఇచ్చినవాడి ఎదుట లెక్కపెడితే ఇచ్చిన చెయ్యి ముడుచుకుంటుంది. నీకు ఎన్ని గొర్రెలని అడిగితే పెద్దవాళ్లు పక్కకు ఉమ్మేసి వేరే మాట ఎత్తుతారు. మాపటేళ దొడ్డి దగ్గర నిలబడి మొత్తం మందను ఒకసారి చూస్తారు. ఏ ముఖం కనబడకపోతే ఆ ముఖాన్ని వెతుక్కుంటూ పోతారు. అంతే వాళ్ల లెక్క. ఊపిరి ఎన్నిసార్లు పీల్చావని మనిషిని ఎవరైనా అడుగుతారా? అట్లాగే.

జాకబ్ సార్ మాత్రం అడిగాడు. "సంఖ్యకు గడి పెట్టలేదేం పాపా?"

"మాలో ఎవ్వరూ చెప్పరు సార్."

"చెప్పరా? అయితే పెట్టినా ఖాళీనే గదా" అని ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. గురువూ శిష్యురాలూ అక్కడే దెబ్బతిన్నారు.

ప్రారంభం రోజు సురేంద్ర తన ఆఫీసులో గోడంత టీవీ పెట్టించి, పెద్దమనుషులను పిలిచి, పూలదండ తెప్పించాడు. టీవీకి దండ వేసిన మొదటి మనిషి అతనే అయ్యుంటాడు. టీవీ మీద మందలన్నీ వరుసగా వచ్చాయి, పసుపు కొమ్ములతో, నల్లతాళ్లతో. చప్పట్లు కొట్టారు. బెంగళూరులో ఉన్న సురేంద్ర స్నేహితుడు ఫోనులోనే ఒక పొట్టేలు కొన్నాడు. ఇంకా చప్పట్లు కొట్టారు. కదిరమ్మను కూడా పిలిస్తే బాగుండునని చౌడేశ్వరి అనుకుంది.

అనుకుంటూ ఉండగానే టీవీ మీద ఆ మంద బొమ్మపై ఎర్రటి అక్షరాలు పడ్డాయి. అమ్ముడుపోయింది. ఒక పొట్టేలు కొంటే మంద మొత్తం అమ్ముడుపోయింది! చౌడేశ్వరికి తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. మందకు ఒకటే వరుస కదా. బటన్ నొక్కగానే గీత ఆ వరుసకు పోయింది, వరుస మూసుకుపోయింది. యంత్రానికి గొర్రె తెలియదు, మంద తెలియదు. దానికి వరుస ఒక్కటే తెలుసు. పెద్దమనుషులకు ఇంకా అర్థం కాలేదు. "బిరీన అమ్ముడుపోతాండాయే!" అని మురిసిపోతున్నారు. సాయంత్రానికి ఎవరో ఒకరు ప్రతి మందలోనూ ఒక్కొక్క పొట్టేలు కొనేశారు. వెబ్‌సైట్ నిండా ఎర్రక్షరాలే. ఆ తర్వాత చూడవచ్చిన బెంగళూరు వాళ్లకు కొనడానికి ఒక్క గొర్రె లేదు.

మరుసటి రోజు బాగేపల్లి నుంచి చెన్నప్ప అనే వ్యాపారి లారీ వేసుకుని రాళ్లదొడ్డికి దిగాడు. తిప్పన్న దొడ్డి ముందు లారీని వెనక్కు ఆనించి, ఫోను చూపించాడు.

"తోలప్పా మందని."

"ఏ మంద?" అన్నాడు తిప్పన్న.

"ఈ మంద. నేను కొన్నింది."

"నువ్వు దుడ్లు కట్టింది ఒక్క పొట్టేలికి గదా!"

"నాకేం తెలుసప్పా. బొమ్మ మీద నొక్కితిని, అమ్ముడుపోయింది, మీకు ధన్యవాదాలని వచ్చె. బొమ్మలో మందంతా ఉండాది. నువ్వు గూడా ఉండావు చూడు, మూలన కంబళి కప్పుకొని. న్యాయంగా నిన్ను గూడా లారీ ఎక్కించాల!"

చుట్టూ చేరినవాళ్లు పగలబడి నవ్వారు.

"నన్ను తోలుకుపోతే నీకు సంగటి దండగ" అన్నాడు తిప్పన్న. అతను నవ్వలేదు.

చెన్నప్ప ఊరికే పోయే రకం కాదు. ఖాళీ లారీ వెనక్కు పోతే డీజిలు ఎవరిస్తారని గొడవపడి, కట్టిన దుడ్లకే మందలో అన్నిటికంటే మంచి పొట్టేలు ఏరుకుని, పోతూ పోతూ, "కూతురుకు సదువు చెప్పిస్తివి గానీ ఒకటికీ వందకీ తేడా చెప్పీలేదప్పా!" అని అరిచి పోయాడు. కదిరమ్మ అతని లారీ వెనకాలే దుమ్మెత్తి పోసింది. చౌడేశ్వరి దొడ్డి గోడ పక్కన నిలబడి అన్నీ వింది.

ఆ సాయంత్రం సురేంద్ర ఫోను చేశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను నలుగురిలో నవ్వులపాలైతి, అది పోనీ. సోమవారానికి సరిచెయ్యి పాపా. ఏ మందలో ఎన్నుండాయో లెక్క కావాల. లెక్కతో వస్తే కుర్చీ నీది. లేకుంటే నేను వేరేవాళ్లను చూసుకుంటా."

జాకబ్ సార్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన తెర దగ్గరగా ముఖం పెట్టి చూసి, "ఇంతేనా? ఒక గడి ఎక్కువ పెట్టు. మందలో ఎన్నుంటే అంత అంకె వెయ్యి. కొన్నప్పుడల్లా ఒకటి తగ్గేటట్టు బటన్ నుంచి దానికి గీత లాగు. అంకె సున్నా అయితేనే అమ్ముడుపోయినట్టు" అన్నాడు. అక్కడే కూర్చుని గడి పెట్టింది, గీత లాగింది. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. ఇక కావలసింది అంకెలే.

మాపటేళ తిప్పన్న దొడ్డి బయట బండ మీద కూర్చుని కాళ్లలో ముళ్లు తీసుకుంటున్నాడు. చౌడేశ్వరి పక్కన కూర్చుంది.

"నాయనా, మన మంద ఎంతో చెప్పు."

"మనకు ఎంత కావాల్నో అంత ఉండాది."

"అట్ల కాదు. అంకె చెప్పు. అబద్ధమైనా చెప్పు."

"అబద్ధం చెప్తే మళ్లీ లారీ వచ్చి నిజం అడుగుతాది."

"చెప్పకుంటే నా ఉద్యోగం పోతాది నాయనా."

తిప్పన్న ముల్లును గోటితో లాగి పారేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మీ అబ్బ ఒకసారి బ్యాంకోళ్లు అడిగినారని లెక్కపెట్టి చెప్పినాడు. లోను వచ్చె. ఆ ఏడే గాలికుంటు రోగం వచ్చి మంద ఊడ్చుకొని పాయె."

"ఆ ఏడు జిల్లా అంతా వచ్చింది గదా. లెక్కపెట్టని వాళ్లవి గూడా సచ్చినాయి."

"సచ్చినాయి. కానీ వాళ్లకు మనసులో ఏం లేదు. మా నాయనకు సచ్చేదాకా ఉండె."

చౌడేశ్వరికి డిగ్రీలో అది చెప్పలేదు.

తెల్లవారి దొడ్డి తలుపు తీసే వేళకు ఆమె గోడ వారగా నిలబడింది. తిప్పన్న కంప తడిక పక్కకు లాగాడు. గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ బయటికి వచ్చాయి. చౌడేశ్వరి వేలు కదిలించలేదు. నోరు తెరవలేదు. కానీ పెదవులు ఆగవు కదా, లోపలి అంకెకు అవి బయట కదిలాయి. సగం మంద బయటికి వచ్చాక తిప్పన్న తల ఎత్తి కూతురి ముఖం చూశాడు. చూస్తూనే ఉన్నాడు. తడిక మాత్రం వదల్లేదు. చివరి గొర్రెపిల్ల బయటికి వచ్చేదాకా తీసే పట్టుకున్నాడు. తర్వాత కట్టె భుజాన వేసుకుని మంద వెంట పోయాడు.

కదిరమ్మ చూసింది. "అమ్మేయ్! ఏం చేస్తివే? సొంత కడుపుకు దిష్టి పెట్టుకుంటివి గదే!" అని తల బాదుకుంది.

"ఇంగో దారి ఉంటే చెప్పు, చేస్తా" అంది చౌడేశ్వరి.

కదిరమ్మకు దారి ఎక్కడిది? పోయి పొయ్యి ముందు కూర్చుంది.

ఒకసారి చేసిన పని రెండోసారికి బరువు తగ్గుతుందంటారు. చౌడేశ్వరికి తగ్గలేదు. అయినా చేసింది. మిగతా మందలు మేతకు పోయే దారుల్లో, వంక దాటే చోట, రాళ్ల వెనక నిలబడి లెక్కపెట్టింది. పల్లెలో అది దాగుతుందా? తిప్పన్న కూతురు మందలను లెక్కపెడుతోందన్న మాట ఇంటింటికీ తిరిగింది. ట్యాంకరు దగ్గర కదిరమ్మకు చోటివ్వడం మానేశారు. ఎవరూ తిట్టలేదు, కొట్లాడలేదు. ఆమె బిందె పెట్టిన చోటినుంచి తమ బిందెలు జరుపుకున్నారు, అంతే.

ఆదివారం పొద్దున తిప్పన్న కంబళి మడిచాడు. రాగిపిండి మూట కట్టాడు. పాత ఫోనును గుడ్డలో చుట్టి నడుముకు దోపుకున్నాడు. మేత లేని ఏడు మందలను కన్నడ సీమకు తోలుకుపోవడం కొత్త కాదు. కానీ ఎప్పుడూ పోయేది బక్రీదు అమ్మకాలయ్యాక. ఈసారి ముందే బయలుదేరాడు. పెద్దవాడు కదలడం చూసి మిగతావాళ్లూ కదిలారు.

"గడ్డి లేదు" అన్నారు అందరూ. గడ్డి లేని మాట నిజమే. నిజమైన కారణం చేతికి దొరికినప్పుడు ఇంకో కారణం ఎవరు చెబుతారు?

చౌడేశ్వరి మంద వెంట గుట్ట మొదలు దాకా పోయింది. "నాయనా, సోమవారం దాకా ఆగు. ఒక్క రోజు" అంది.

తిప్పన్న ఆగాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "కోళ్లను మాపటికి మూసిపెట్టు. నక్కలు తిరుగుతాండాయి" అని, గొర్రెలను హెయ్ అని అదిలించి సాగిపోయాడు. కోపంగా ఉన్నాడో లేదో ఆమెకు తెలియలేదు. కోపమైతే కాళ్లు పట్టుకునేది.

సోమవారం పుట్టపర్తి ఆఫీసులో సురేంద్ర తెర చూశాడు. ప్రతి మంద కింద అంకె ఉంది. ఒకటి కొని చూశాడు. అంకె ఒకటి తగ్గింది. ఎర్రక్షరాలు పడలేదు.

"భలే చేసినావు పాపా! ఇంగ బెంగళూరోళ్లను రమ్మని చెప్తా. గొర్రెలు ఊళ్లోనే ఉండాయి గదా?"

అబద్ధమాడి ఉంటే ఇంకో నాలుగు రోజులు కుర్చీ దక్కేది. తిప్పన్న చెప్పిన లారీ గుర్తొచ్చిందో, పొగరడ్డొచ్చిందో, ఉన్నదే చెప్పింది. "లేవన్నా. కన్నడ సీమకు తోలుకుపోయినారు."

"అన్నీనా?"

"అన్నీ."

"మళ్లీ ఎప్పుడొస్తాయి?"

"వానొస్తే వస్తాయి."

"వానెప్పుడొస్తాది?"

"దానికి నా దగ్గర గడి లేదన్నా."

ఆఫీసులో కూర్చున్న ఇద్దరు కిసుక్కుమన్నారు. సురేంద్ర ముఖం గంటు పెట్టుకున్నాడు. పెద్దమనిషి ముందు మాట బాగా వచ్చినా మింగాలి. ఆ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు, నేర్పినా పట్టుబడేది కాదు.

పది రోజులకు ఆ వెబ్‌సైటే సురేంద్ర లాడ్జీలకు పనికొచ్చింది. హిందూపురం నుంచి ఒక కుర్రవాణ్ణి తెచ్చుకున్నాడు. అతను గొర్రెల బొమ్మలు తీసి మంచాల బొమ్మలు పెట్టాడు. పల్లె పేరున్న చోట లాడ్జీ పేరు పెట్టాడు. చౌడేశ్వరి లాగిన గీతలు ఒక్కటి కూడా మార్చాల్సిన అవసరం రాలేదట. ఒక గది తీసుకుంటే ఒకటి తగ్గుతుంది, ఖాళీ చేస్తే ఒకటి పెరుగుతుంది. ఎంత చక్కగా నడుస్తోందో జాకబ్ సారే చెప్పాడు, చెప్పి నొచ్చుకున్నాడు. ఆయన అంగడిలో జెరాక్స్ గిరాకీ కూడా పడిపోయింది. ఇంకొకరికి జీతమిచ్చే స్థితి ఆయనకు లేదు. "నీకు చెయ్యి తిరిగిన పని పాపా, యాడో ఒక చోట..." అన్నాడు. యాడో చెప్పలేకపోయాడు.

గార్మెంట్స్ వాళ్లు మళ్లీ తీసుకుంటామన్నారు. కాలర్లు కాదు, ఈసారి గుండీలు.

మొదటి రోజు పొద్దున రోడ్డు మీద బస్సు కోసం నిలబడి ఉండగా తిప్పన్న ఫోను వచ్చింది. అంత పొద్దున్నే ఎప్పుడూ చెయ్యడు.

"పాపా, కుర్చీ ఇచ్చినారా?"

"లేదు నాయనా."

అవతల అతను ఏదో గొర్రెను హెయ్ అని అదిలించాడు.

"నాలుగు దినాల నుంచి అడగాలనుకుంటాండా" అన్నాడు. "అమ్మ తింటాందా?"

"తింటాంది. ఆడ మేత ఎట్లుండాది?"

"ఈడ గూడా గడ్డి లేదు. ఇంగా పైకి పొమ్మంటాండారు."

"లేదని పోయేటప్పుడు తెలీదా నాయనా?"

"తెలుసు" అన్నాడు తిప్పన్న.

ఇద్దరూ ఫోను పెట్టెయ్యలేదు. గొర్రెల అరుపులు వినబడుతున్నాయి. చౌడేశ్వరి ఫోనును చెవికి గట్టిగా ఆనించుకుంది. మలుపులో బస్సు దీపాలు కనబడ్డాయి. డ్రైవరు దూరం నుంచే హారను కొట్టాడు. పక్కన నిలబడిన ఆడవాళ్లు టిఫిను బాక్సులు సర్దుకుని ముందుకు జరిగారు.

"బస్సు వచ్చింది నాయనా" అని ఆమె ఫోను పెట్టేసింది.